వీఎఫ్‌ఎక్స్ కొలువుకు మీ కళ్లు సిద్ధమేనా?

వీఎఫ్‌ఎక్స్, ఎడిటింగ్, కలర్ గ్రేడింగ్, యానిమేషన్... సినిమాల్లోకి వెళ్లాలనుకునే యువతలో ఇప్పుడు చాలామంది చూపు వీటిమీదే ఉంది. హీరో అవ్వాలని రైలెక్కి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ కృష్ణానగర్‌లో గది తీసుకుని, సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోలకు షోరీల్ పట్టుకుని తిరిగేవాళ్లు కూడా తక్కువేం లేరు.

ఈ కొలువులన్నింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. రోజంతా స్క్రీన్‌నే చూస్తూ కూర్చోవాలి. సాయంత్రానికి కళ్లు మండుతాయి, తల బరువెక్కుతుంది, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ‘ఏముందిలే, మంచి కళ్లజోడు కొనుక్కుంటే సరిపోతుంది’ అనుకుంటాం. అక్కడే పొరబడుతున్నాం. కంటి అలసటకు పరిష్కారం చాలావరకు అద్దాల షాపులో లేదు. మీ పనివేళల్లో, మీ మానిటర్ అమరికలో, మీరు సంతకం పెట్టబోయే ఆఫర్ లెటర్‌లో ఉంది. కాలేజీలో ఉండగానే ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

అవకాశం నిజమే

ముందుగా ఒక మాట. ఈ రంగం మీద ఆశ పెట్టుకోవడంలో తప్పేం లేదు. 2012లో వచ్చిన ‘ఈగ’కు జాతీయ అవార్డుల్లో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం దక్కింది. తర్వాత ‘బాహుబలి’ రెండు భాగాలూ, ‘ఆర్ఆర్ఆర్’ ఇదే పురస్కారాన్ని తెచ్చాయి. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది కూడా తెలుగు సినిమాయే: ‘హను-మాన్’.

కేంద్రం కూడా ఈ నాలుగు రంగాలను కలిపి ఏవీజీసీ అని పిలుస్తూ, 2022-23 బడ్జెట్‌లో ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. యువతకు ఉద్యోగాలిచ్చే శక్తి ఈ రంగానికి ఉందన్నది అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. తెలంగాణ ప్రభుత్వం ఇదే రంగం కోసం రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు 2017లో శంకుస్థాపన చేసింది.

మరి ఫ్రెషర్‌గా చేరితే మీరు చేసేదేంటి? చాలామందికి మొదట దొరికేది రోటో పని. నటుడిని వెనకున్న దృశ్యం నుంచి వేరు చేయడానికి అతని చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీత గీయడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్ల షాట్ అంటే 240 ఫ్రేములు. గాలికి ఎగిరే జుట్టు, ఊగే చీర కొంగు, కదిలే వేళ్లు... అంచు ఒక్క పిక్సెల్ తప్పినా పెద్ద తెరమీద దొరికిపోతుంది. సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది. ఏఐ టూల్స్ కూడా వచ్చాయి. అయినా ఆఖరున అంచు సరిగ్గా ఉందో లేదో తేల్చాల్సింది మనిషి కళ్లే. అంటే ఈ ఉద్యోగంలో మౌస్, కీబోర్డ్ కంటే ముందు లెక్కపెట్టాల్సిన పనిముట్టు మీ కన్ను.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

సినిమా తయారీలో వీఎఫ్‌ఎక్స్ దాదాపు ఆఖరి మజిలీ. కథ ఆలస్యమైనా, షూటింగ్ ఆలస్యమైనా రిలీజ్ తేదీ మాత్రం సంక్రాంతికో దసరాకో ముందే ఖాయమైపోతుంది. మధ్యలో పోయిన రోజులన్నీ చివర్లో కూర్చున్నవాళ్ల నెత్తినే పడతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్టూడియోలు ఒక్కో షాట్‌కు ఎన్ని మ్యాన్‌డేలు, అంటే ఒక మనిషి ఎన్ని రోజులు పనిచేయాలో ముందే లెక్కగట్టి ధర చెప్తాయి. ఆ తర్వాత దర్శకుడు మార్పులు అడిగితే పని పెరుగుతుంది. రోజులు అంతగా పెరగవు. పోటీ తట్టుకోవడానికి తక్కువ ధరకు ఒప్పుకున్న చోట ఈ బిగింపు మరీ ఎక్కువ.

తేదీ జరిపితే ఎంత తేడా వస్తుందో ఇటీవలే చూశాం. 2022 అక్టోబర్‌లో ‘ఆదిపురుష్’ టీజర్ గ్రాఫిక్స్ మీద విమర్శలు వెల్లువెత్తాక, 2023 జనవరిలో రావాల్సిన ఆ సినిమాను జూన్‌కు మార్చారు. ‘విశ్వంభర’ ఆలస్యానికి కారణం వీఎఫ్‌ఎక్స్ పనేనని 2025 ఆగస్టులో చిరంజీవి స్వయంగా వీడియోలో చెప్పారు. ప్రేక్షకుడికి ఇది నిరాశే. సీట్లో కూర్చున్న ఆర్టిస్ట్ వైపు నుంచి చూస్తే మాత్రం నాణ్యతకు సమయం కావాలని ఒప్పుకోవడమే. అన్ని సినిమాలకూ ఆ వెసులుబాటు ఉండదు. లేనిచోట ఆ సమయం ఆర్టిస్టుల నిద్రలోంచి, విరామంలోంచి వస్తుంది.

స్క్రీన్ ముందు కంట్లో ఏం జరుగుతుంది?

మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద మనసు పెట్టి చూస్తున్నప్పుడు అది సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా కంటిమీద కన్నీటి పొర సమంగా పరుచుకుంటుంది. రెప్ప తగ్గితే ఆ పొర అక్కడక్కడా ఆరిపోతుంది. దానికి ఏసీ గాలి తోడైతే మంట, ఇసుక పడ్డట్టు గరగర మొదలవుతాయి. విచిత్రంగా కళ్లలోంచి నీళ్లు కూడా కారతాయి. అది కన్ను పొడిబారినందుకు వచ్చే ప్రతిస్పందనే.

రెండోది కండరాల శ్రమ. దగ్గరి వస్తువు చూడాలంటే కంటి లోపలి కండరం బిగుసుకుని లెన్స్‌ను ఉబ్బించాలి. దూరం చూస్తే అది సడలుతుంది. పిడికిలి బిగించి ఎనిమిది గంటలు ఉంచితే చేయి ఎలా ఉంటుందో, కన్నూ అంతే. ఫోన్‌తో ఇంకా కష్టం. మానిటర్ సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఫోన్‌ను 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటాం. కంటి కండరం మీద భారం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. రోజంతా సిస్టమ్ మీద పనిచేసి, ‘రిలాక్స్ అవుదాం’ అని రాత్రి ఫోన్‌లో రీల్స్ చూస్తే కంటికి అది విశ్రాంతి కాదు, ఓవర్‌టైమ్.

మూడోది వెలుతురు. రంగులు సరిగ్గా కనబడాలని గ్రేడింగ్ గదులను మసకగా ఉంచుతారు. మసక గదిలో పనిచేయడం వేరు, కటిక చీకట్లో వెలిగే స్క్రీన్‌ను చూడటం వేరు. అందుకే వృత్తి నిపుణులు మానిటర్ వెనక గోడమీద సన్నటి తెల్లని వెలుగు పడేలా లైటు పెడతారు. రంగుల అంచనా తప్పకుండా ఉంటుంది, కంటికీ హాయి. హాస్టల్ గదిలో లైట్లన్నీ ఆపి ఎడిటింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా తేడా తెలుస్తుంది.

ఒక అపోహ కూడా పక్కన పెట్టేద్దాం. స్క్రీన్ చూసినంత మాత్రాన చూపు పోదు. విశ్రాంతినిస్తే ఈ అలసట చాలావరకు తగ్గుతుంది. కానీ విశ్రాంతే దొరకని ఉద్యోగంలో అది రోజూ తిరిగొస్తుంది. తలనొప్పి, నిద్రలేమి, పనిలో తప్పులు దాని వెంటే వస్తాయి. నెలల తరబడి అలా సాగితే ఇష్టపడి వచ్చిన పనే భారమవుతుంది.

బ్లూ కట్ అద్దాలు కొనాలా?

కంప్యూటర్ పని అనగానే షాపులో మొదట చూపించేది బ్లూ కట్ లెన్సులే. వీటిపై జరిగిన 17 క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2023 ఆగస్టులో వచ్చింది. మామూలు లెన్సులతో పోలిస్తే, కనీసం స్వల్పకాలంలో, ఇవి కంటి అలసటను తగ్గిస్తాయని తేలలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ కూడా కంప్యూటర్ వాడకం కోసం వీటిని సిఫారసు చేయడం లేదు. అలసటకు అసలు కారణం నీలికాంతి కాదు. రెప్ప వేయకుండా, దూరం చూడకుండా, గంటల తరబడి కూర్చోవడం.

ఆ డబ్బుతో ముందు కంటి పరీక్ష చేయించుకోండి. స్వల్పంగా సైటు ఉండి అద్దాలు వాడకపోయినా, పాత నంబర్ అద్దాలే వాడుతున్నా అలసట ఎక్కువవుతుంది. సరైన నంబర్ ఉన్న మామూలు అద్దాలు చేసే మేలు నంబర్ తప్పిన ఖరీదైన అద్దాలు చేయవు.

చుక్కల మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. ఎర్రబడిన కంటికి ఎవరో చెప్పారని మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వాడొద్దు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఎక్కువకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమాకు దారితీయొచ్చు. అలసట కంటే అది చాలా పెద్ద ప్రమాదం.

20-20-20కి చట్టం ఒప్పుకుంటుందా?

ఈ సూత్రం వినే ఉంటారు. ప్రతి 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లపాటు చూడాలి. అంకెలు గుర్తుండటం కోసమే. అసలు విషయం తరచుగా దూరం చూడటం, ఆ కాసేపు నిండుగా రెప్పలు వేయడం. చెప్పడానికి చాలా సులువు. డెలివరీకి రెండు గంటలే ఉందని లీడ్ వెనక నిలబడి ఉంటే ఎవరు పాటిస్తారు? అందుకే ఇది మీ ఒక్కరి క్రమశిక్షణతో తేలే విషయం కాదు. సంస్థ పనివేళలతో, చట్టంతో ముడిపడినది.

చట్టం ఏం చెబుతోంది? 2025 జులై 5న తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పనికి అనుమతిచ్చింది. వారానికి మాత్రం 48 గంటలు దాటకూడదు. దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఆరు గంటలకు మించి పనిచేయాల్సి వస్తే మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలి. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కంటికి 20 నిమిషాలకోసారి విరామం కావాలి. చట్టం ఆరు గంటలకు అరగంట ఇస్తోంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మీ కంటి అలసట ఉంది.

2025 నవంబర్ 21న దేశమంతటా నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వీటిలో డిజిటల్, ఆడియో విజువల్ రంగంలో పనిచేసేవాళ్ల గురించి కేంద్రం ప్రత్యేకంగా ప్రస్తావించింది. నియామక పత్రం తప్పనిసరి. హోదా, జీతం, సామాజిక భద్రత వివరాలు అందులో ఉండాలి. ఓవర్‌టైమ్‌కు ఉద్యోగి సమ్మతి కావాలి, దానికి కనీసం రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఇవి మంచి మార్పులే. యాజమాన్యం ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలన్న నిబంధన కూడా ఉంది. కాకపోతే అది 40 ఏళ్లు దాటినవాళ్లకు! 21 ఏళ్లకు రోటో సీట్లో కూర్చునే మీకు ఆ వయసు రావడానికి ఇంకా 19 ఏళ్లుంది.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ 1992 నుంచే స్క్రీన్ పనికి ప్రత్యేక నిబంధనలున్నాయి. స్క్రీన్ మీద పనిచేసే ఉద్యోగి అడిగితే కంటి పరీక్ష ఖర్చు యాజమాన్యమే భరించాలి. పని మధ్యలో విరామమో, పని మార్పో ఉండేలా ప్లాన్ చేయాలి. యూరప్ దేశాలు 1990లోనే ఇలాంటి ఆదేశం తెచ్చుకున్నాయి. మన దగ్గర చూపు విషయంలో ప్రభుత్వాలకు పట్టింపు లేదనలేం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో ఇదే పేరుతో బడి పిల్లలకు పరీక్షలు చేశారు. ఆ శ్రద్ధ ఊరి శిబిరం దగ్గర ఆగిపోకుండా ఆఫీసు సీటు దాకా రావాలి.

పనిగంటలపై చర్చ ఇప్పటికే జోరుగా ఉంది. వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయాలన్న పెద్ద కంపెనీల పెద్దల మాటలు విన్నాం. వారానికి 60 గంటలు దాటి డెస్క్ ముందు గడిపితే ఆరోగ్యానికి చేటని 2024-25 ఆర్థిక సర్వే హెచ్చరించింది. సినిమా రంగంలో దీపికా పదుకొణె పేరుతో 8 గంటల షిఫ్ట్ చర్చ నడిచింది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు వేతనాల కోసం రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. వీటిలో వీఎఫ్‌ఎక్స్ కుర్రాళ్ల గొంతు వినిపించింది చాలా తక్కువ. వాళ్లు సెట్‌లో కనిపించరు, ఏసీ గదుల్లో ఉంటారు. ‘కూర్చుని చేసే పనేగా’ అన్న మాట ఒకటి ఉండనే ఉంది. హాలీవుడ్‌లోనూ చాలాకాలం ఇదే పరిస్థితి. 2023 సెప్టెంబర్‌లో మార్వెల్ వీఎఫ్‌ఎక్స్ ఉద్యోగులు యూనియన్ కోసం ఏకగ్రీవంగా ఓటేశాక అక్కడ కదలిక వచ్చింది.

అడిగితే ఉద్యోగం పోతుందా?

ఈ భయం ఉత్తిది కాదు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూప్ కుప్పకూలినప్పుడు బెంగళూరులో ఒక్కసారిగా ఎంతోమంది ఆర్టిస్టులు రోడ్డున పడ్డారు. ఉద్యోగం దొరకడమే గొప్ప అనుకునే రోజుల్లో షరతులు అడగాలంటే నోరు రాదు. అందుకే ఎప్పుడు, ఎలా అడగాలన్నది ముఖ్యం.

మొదటి రౌండ్‌లోనే అడగొద్దు. షోరీల్ నచ్చి, ఆఫర్ మాట వచ్చాక అడగండి. ఫిర్యాదులా కాకుండా, పని తీరు తెలుసుకుంటున్నట్టు ఉండాలి. ఉదాహరణకు:

‘సార్, మామూలు రోజుల్లో షిఫ్ట్ ఎన్ని గంటలు? రిలీజ్ దగ్గరపడ్డప్పుడు ఎన్ని గంటలవుతుంది?’

‘రాత్రి ఉండాల్సి వస్తే మర్నాడు కాంప్-ఆఫ్ ఉంటుందా? ఓవర్‌టైమ్ లెక్క ఆఫర్ లెటర్‌లో రాస్తారా?’

‘మేడమ్, నన్ను ఉద్యోగిగా తీసుకుంటున్నారా, ఫ్రీలాన్సర్‌గానా?’

మూడో ప్రశ్న చాలా కీలకం. ఫ్రీలాన్సర్‌గా షాట్‌కింత అని ఒప్పుకుంటే ఓవర్‌టైమ్ అన్న మాటే రాదు. అప్పుడు మీ గంటల లెక్క మీరే రాసుకోవాలి, ధరలో విరామాన్ని కూడా కలుపుకోవాలి. ఎనిమిది గంటల పనికి ధర చెప్పి పద్నాలుగు గంటలు చేస్తే, ఆ ఆరు గంటలూ మీ కళ్లు ఉచితంగా పనిచేసినట్టే.

వీటికి సూటిగా జవాబు రాకపోతే, అదే స్టూడియోలో పనిచేసే సీనియర్‌ను బయట టీ కొట్టు దగ్గర అడగండి. ‘అన్నా, పోయిన సినిమా టైమ్‌లో ఇంటికి ఎన్నింటికి వెళ్లేవాళ్లు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. హెచ్‌ఆర్ చెప్పని విషయం అక్కడ తెలుస్తుంది.

కాలేజీలో ఉండగానే చేయాల్సినవి

* కోర్సులో చేరేముందే పూర్తి కంటి పరీక్ష చేయించుకోండి. సైటుతోపాటు రంగుల గుర్తింపు పరీక్ష కూడా అడగండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని సమస్య మగవాళ్లలో కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. కలరిస్ట్ కావాలనుకునేవాళ్లు ఫీజు కట్టేముందే ఇది తెలుసుకోవాలి. ఎడిటింగ్, ఎఫ్‌ఎక్స్ సిమ్యులేషన్ లాంటి దారులు అప్పటికీ తెరిచే ఉంటాయి.

* మానిటర్ చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు సమానంగానో కాస్త కిందికో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు పుస్తకాలు పెట్టి, విడిగా ఓ కీబోర్డ్ తగిలించండి. కిటికీ మీ ఎదురుగానో వెనకో కాకుండా పక్కన ఉండాలి. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు.

* విరామాన్ని పనితోనే ముడిపెట్టండి. రెండర్ పెట్టిన ప్రతిసారీ ఫోన్ తీయకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్లండి. ప్రివ్యూ లోడయ్యేలోపు పదిసార్లు నిండుగా రెప్పలు వేయండి. అలారం పెట్టుకుంటే రెండు రోజుల్లో విసుగొచ్చి ఆపేస్తాం. పనిలో కలిసిపోయిన అలవాటు నిలుస్తుంది.

* ఇంట్లో ఇంకా బడికెళ్లే తమ్ముడో చెల్లెలో ఫోన్‌లో ఎడిటింగ్ నేర్చుకుంటుంటే, వాళ్లను రోజూ కాసేపు బయట వెలుతురులోకి పంపండి. పిల్లల్లో దూరపు చూపు మందగించడాన్ని ఆరుబయట గడిపే సమయం కొంత అడ్డుకుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

* కళ్లు నులమకండి. తడి గుడ్డ వేసుకుని ఐదు నిమిషాలు మూసుకోండి.

ఒక్క కన్నే మసకబారుతున్నా, మెరుపుల్లాంటివి కనిపిస్తున్నా, ఒకటి రెండుగా కనబడుతున్నా, సెలవు రోజుల్లోనూ తలనొప్పి తగ్గకపోయినా అలసటేనని వదిలేయొద్దు. వెంటనే కంటి డాక్టర్‌ను కలవండి.

జూబ్లీహిల్స్ పక్కనే, బంజారాహిల్స్‌లో ఉన్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తెలియనివాళ్లుండరు. ఆ పేరు ఏ డాక్టర్‌దో కాదు. నటుడిగా, దర్శకుడిగా, నిర్మాతగా పనిచేసి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మన సినిమా మనిషిది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆ సంస్థను మొదలుపెట్టేటప్పుడు స్థలం, నిధులు ఇచ్చింది ఎల్వీ ప్రసాద్ కుటుంబమే. సినిమాలో సంపాదించిన డబ్బు జనం చూపు కోసం వెళ్లింది. ఆ సినిమానే తెరమీద నిలబెడుతున్న కుర్రాళ్ల చూపును స్టూడియోలు కూడా అంతే శ్రద్ధగా చూసుకోవాలని అడగడం అత్యాశేమీ కాదు.

స్టూడియోలు, ప్రభుత్వం మారేదాకా మీ చేతిలో ఉన్నవి ఇవి. ఈ నెలలో ఒక కంటి పరీక్ష. గదిలో మానిటర్ అమరిక. ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజు అడగాల్సిన మూడు ప్రశ్నలు. షోరీల్‌తో పాటు వీటినీ సిద్ధం చేసుకోండి.